గ్రూప్ బై రాసే ముందు కాగితం మీద గీయి

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు.

రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ప్రశ్నలూ చూశాను. గ్రూప్ బై, అంటే ఒకే కోడ్ ఉన్న రికార్డులని కలిపి కూడే మాట, పెట్టిన రిపోర్టు ఒక్కోసారి ఒక్కో వరసలో వస్తోంది, ఎందుకు అని ఒకటి. మీ సీనియర్ టేబుల్స్ అన్నిటికీ డయాగ్రం గీసి తెమ్మన్నారు, ఉన్న పని చాలక ఇదొకటా అని రెండోది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. ముందు రెండో పని చెయ్యి. బొమ్మ సరిగ్గా గీస్తే మొదటి ప్రశ్నలో సగం చిక్కు దానంతటదే విడిపోతుంది.

నీకు ఇచ్చింది పాల డెయిరీ డేటా కాబట్టి నాకు తేలికైంది. నేనూ కొన్నేళ్లు ఆ లెక్కలే చూశాను. కేంద్రాలు, రైతులు, పూటపూటకీ రైతులు పోసే పాలు, మధ్యలో వాళ్లు తీసుకునే దాణా అడ్వాన్సులు, పది రోజులకోసారి బిల్లు. ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ అయినా అడుగున ఉండేవి ఇవే.

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకో. పైన కేంద్రం పెట్టె గీయి. దాని కింద రైతు. రైతు కింద పక్కపక్కనే రెండు పెట్టెలు, ఒకటి పాల ఎంట్రీ, ఇంకోటి అడ్వాన్సు. పెట్టెలో కాలమ్స్ అన్నీ కుక్కకు. ప్రైమరీ కీ, అంటే ఒక్కో రికార్డుని విడిగా గుర్తుపట్టే కాలమ్, రాసి దాని కింద గీత గియ్యి, వేరే టేబుల్ కీని చూపించే ఫారిన్ కీ రాయి, చాలు. తర్వాత ప్రతి పెట్టె పక్కనా తెలుగులో ఒక్క వాక్యం రాయి. 'ఇందులో ఒక రికార్డు అంటే ఒక రైతు ఒక పూట ఒక కేంద్రంలో పోసిన పాలు' అని. అలా ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ టేబుల్ నీకింకా అర్థం కాలేదన్నమాట. లేచి వెళ్లి ఎంట్రీ చేసేవాళ్లని అడుగు. సిగ్గుపడకు. నేను రిటైరయ్యే ముందు నెల కూడా అడిగాను.

ఇక గీతలు. టేబుల్స్‌ని పెట్టెలుగా, సంబంధాలని గీతలుగా చూపించే ఎంటిటీ రిలేషన్‌షిప్ పద్ధతిని 1976లో పీటర్ చెన్ ఒక పేపర్‌లో ప్రతిపాదించారు. ఆయన బొమ్మల్లో సంబంధానికి డైమండ్ ఆకారం ఉండేది. ఇప్పుడు ఆఫీసుల్లో ఎక్కువ కనపడేది కాకి కాలు గుర్తు. గీత చివర మూడు వేళ్లుంటే అటువైపు ఎన్ని రికార్డులైనా ఉండొచ్చు. అడ్డగీత ఉంటే ఒకటి. చిన్న సున్నా ఉంటే అసలు లేకపోవచ్చు కూడా. రైతు నుంచి అడ్వాన్సుకి వెళ్లే గీత చివర సున్నా, మూడు వేళ్లు రెండూ ఉంటాయి. అడ్వాన్సు తీసుకోని రైతులూ ఉంటారు, నాలుగైదుసార్లు తీసుకున్నవాళ్లూ ఉంటారు.

రేపు క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, రాసేటప్పుడు నీకు ఈ గుర్తులే దారి చూపిస్తాయి. సున్నా కనపడితే లెఫ్ట్ జాయిన్, అంటే అటువైపు జత లేకపోయినా ఇటువైపు రికార్డుని ఉంచి టేబుల్స్ కలపడం, పెట్టాలి, లేకపోతే అడ్వాన్సు తీసుకోని రైతు బిల్లులోంచే మాయమైపోతాడు. ఒకే పెట్టె నుంచి రెండు కాకి కాళ్లు కిందికి దిగుతుంటే ఆగిపో. అక్కడ ఎర్రపెన్నుతో ఒక చుక్క పెట్టు. నేను దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే.

ఆ సంగతి లెక్కతో చెబుతాను. ఒక రైతు పది రోజుల్లో రెండు పూటలా పాలు పోస్తే 20 ఎంట్రీలు. పూటకి 5 లీటర్లు అనుకో, మొత్తం 100 లీటర్లు. లెక్క తేలికగా ఉండడానికి లీటరుకి 40 రూపాయలు అనుకుందాం, 4,000. అదే పది రోజుల్లో ఆ రైతు 500, 300, 200 చొప్పున మూడు అడ్వాన్సులు తీసుకున్నాడు, మొత్తం 1,000. చేతికి రావలసింది 3,000.

నేను రైతు టేబుల్‌ని పాల ఎంట్రీలతో జాయిన్ చేసి, అదే క్వెరీలో అడ్వాన్సులతో కూడా జాయిన్ చేసి, రైతు కోడ్ మీద గ్రూప్ బై పెట్టాను. చూడడానికి ఎంతో సహజంగా ఉంది. కానీ 20 ఎంట్రీల్లో ప్రతి ఒక్కటీ 3 అడ్వాన్సులతోనూ జత కలిసింది. 60 రికార్డులయ్యాయి. పాలు 300 లీటర్లు, విలువ 12,000. అడ్వాన్సు ఇరవై రెట్లు, 20,000. పాలు పోసిన మనిషే 8,000 బాకీ ఉన్నట్టు స్లిప్పు వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. అడ్వాన్సు ఒక్కటే ఉన్నవాళ్లకి పాల లెక్క సరిగ్గానే వచ్చింది, అందుకే పైపైన నాలుగు చూసి బాగుందనుకున్నాను. ప్రింటుకి వెళ్లే ముందు లెక్కలు చూసే ఒక పెద్దావిడ పట్టుకున్నారు. ఆవిడ పట్టుకోకపోతే ఎన్ని ఇళ్లలో ఆ రోజు పొయ్యి దగ్గర ఏడుపు ఉండేదో. ఇన్నేళ్లయినా ఆ ఆలోచన వస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది.

సరిచేసే దారి ఏమిటంటే, పాల ఎంట్రీలని విడిగా గ్రూప్ చేసి రైతుకి ఒక్క రికార్డు చెయ్యి. అడ్వాన్సులని విడిగా గ్రూప్ చేసి రైతుకి ఒక్క రికార్డు చెయ్యి. అప్పుడు రెండిటినీ రైతుతో లెఫ్ట్ జాయిన్ చెయ్యి. అడ్వాన్సు లేనివాళ్లకి నల్, అంటే విలువే లేని ఖాళీ, వస్తుంది, దాన్ని నల్ బదులు వేరే విలువ ఇచ్చే కోఅలెస్‌తో సున్నా చేసుకో. చెయ్యకపోతే 4,000లోంచి నల్ తీసేస్తే మిగిలేది నల్లే, ఆ రైతుకి స్లిప్పు మీద ఖాళీ వస్తుంది. సమ్‌లో, ఒకేలా ఉన్న అంకెలని ఒక్కసారే లెక్కించే డిస్టింక్ట్ పెడితే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకు. రెండు పూటలా సరిగ్గా 5 లీటర్లు పోస్తే అది ఒక పూటని మింగేస్తుంది.

బొమ్మ నుంచి ఇంకోటి కూడా గమనించు. రైతు కోడ్ 17 ప్రతి కేంద్రంలోనూ ఉంటుంది. అంటే రైతు పెట్టెలో గీత పడాల్సింది కేంద్రం కోడ్, రైతు కోడ్ రెండిటి కిందా. గ్రూప్ బై కూడా ఆ రెండిటి మీదే. పేరు మీద మాత్రం ఎప్పుడూ గ్రూప్ చెయ్యకు. మన ఊళ్లలో లక్ష్మి అనే పేరు వీధికి ఇద్దరికి ఉంటుంది, వాళ్ల పాలు కలిపేసే హక్కు మనకి లేదు.

డయాగ్రం సాఫ్ట్‌వేర్‌తో తీయొచ్చు కదా అంటావు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాళ్ల వర్క్‌బెంచ్‌లో, ఉన్న టేబుల్స్ చూసి బొమ్మ గీసే రివర్స్ ఇంజనీర్ ఉంది, డీబీవర్ అనే టూల్ కూడా గీసి ఇస్తుంది. తియ్యి, పోల్చుకో. కానీ అవి గీసేది డేటాబేస్‌లో ఫారిన్ కీ అని ప్రకటించిన సంబంధాలనే. పాత డేటాబేస్‌ల్లో చాలాచోట్ల ఆ కీలు పెట్టి ఉండరు. అప్పుడు పెట్టెలు మాత్రం వచ్చి, గీతలు లేకుండా అనాథల్లా నిలబడతాయి. ఆ గీతలు నీ చేత్తో గీయాల్సిందే.

ఇప్పుడు వరస సంగతి.

డేటాని ఇలా టేబుల్స్‌గా చూసే రిలేషనల్ పద్ధతిని ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. అప్పుడాయన ఐబీఎంలో పనిచేస్తున్నారు. అప్పటి వ్యవస్థల్లో ప్రోగ్రాములు డేటా నిల్వ ఉన్న వరస మీద ఆధారపడేవి, ఆ ఆధారం తెగిపోవాలని ఆ పేపర్‌లోనే చెప్పారు. కాబట్టి టేబుల్‌లో రికార్డులకి వరస అంటూ ఏదీ లేదు. గ్రూప్ చేసి వచ్చిన ఫలితానికీ లేదు. ఆర్డర్ బై అని నువ్వు అడిగితేనే వరస. అడగకుండా వచ్చిన వరస ఆ రోజు అలా కుదిరింది, అంతే.

మరి మీ సీనియర్ల పాత రిపోర్టులు ఇన్నాళ్లు వరసగా ఎలా వచ్చాయి? గ్రూపులు చెయ్యడానికి డేటాబేస్‌కి రెండు దారులున్నాయి. స్లిప్పులన్నీ ముందు కోడ్ వరసలో పేర్చుకుని, ఒకే కోడ్ ఉన్నవి కలిపి కూడటం ఒకటి. కోడ్‌కో డబ్బా పెట్టి, వచ్చిన స్లిప్పుని వచ్చినట్టు దాని డబ్బాలో వేసుకుంటూ పోవడం రెండోది, దాన్నే హ్యాష్ అంటారు. మొదటి దారిలో వరస ఉచితంగా వస్తుంది, రెండోదాంట్లో రాదు. మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు గ్రూప్ బై పెడితే వరస కూడా పెట్టి ఇచ్చేది. 2018లో వచ్చిన 8.0 నుంచి ఆ పని మానేసింది. మీ దగ్గర ఉన్నది 8 అన్నావుగా, అదీ కారణం. ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్‌లో కూడా 10జీ రెండో రిలీజ్‌లో హ్యాష్ గ్రూపింగ్ వచ్చినప్పుడు చాలామందికి ఇదే అనుభవం. పాత క్వెరీల్లో ఆర్డర్ బై లేనివి ఎన్నున్నాయో ఓపిగ్గా వెతికి అన్నిటికీ పెట్టు.

పెట్టడంలో కొన్ని మెలికలున్నాయి. రికార్డులని వడగట్టే వేర్, గ్రూప్ బై, గ్రూపులని వడగట్టే హ్యావింగ్ అన్నీ అయ్యాక, కావలసిన కాలమ్స్ ఎంచే సెలెక్ట్ కూడా అయ్యాక, చివర్న ఆర్డర్ బై పనిచేస్తుంది. అందుకే సెలెక్ట్‌లో మొత్తానికి నువ్వు పెట్టుకున్న పేరు ఆర్డర్ బైలో చెల్లుతుంది, వేర్‌లో చెల్లదు. గ్రూప్ అయిపోయాక మిగిలేది గ్రూప్ కీలు, కూడికలు మాత్రమే కనుక వాటి మీదే వరస పెట్టగలవు. 'తేదీ వరసలో రావాలి' అని ఎవరైనా అంటే ఏ తేదీ అని అడుగు. ఆ రైతు మొదట పోసిన తేదీయా, చివరిదా? మిన్ కావాలో మ్యాక్స్ కావాలో వాళ్లు చెప్పాలి.

నెలల పేర్లని గ్రూప్ చేసి అదే పేరు మీద వరస పెడితే ఇంగ్లీషులో ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్ అని వస్తాయి. సంవత్సరం, నెల అంకె కూడా గ్రూప్ బైలో చేర్చి వాటి మీద పెట్టు. పూట సంగతి ఇంకా చిత్రం. తెలుగులో ఉదయం, సాయంత్రం అని రాసి ఉంటే అక్షరక్రమంలోనే సరిగ్గా వస్తాయి. ఇంగ్లీషులో మార్నింగ్, ఈవెనింగ్ అని ఉంటే సాయంత్రం ముందొస్తుంది. అదృష్టం మీద వదలకు, కేస్ పెట్టి ఉదయానికి 1, సాయంత్రానికి 2 ఇవ్వు. రైతు కోడ్ టెక్స్ట్‌గా దాచి ఉంటే 2 కన్నా ముందు 10 వస్తుంది, అదీ చూసుకో.

ఆ ప్రశ్నలతో పాటు నువ్వు పంపిన మూడో స్క్రీన్‌షాట్‌లో అడిగిన వరస కొంచెం కష్టమైనదే. ఎక్కువ పాలు వచ్చిన కేంద్రం పైన, దాని కింద దాని రైతులు ఎక్కువ నుంచి తక్కువకి, తర్వాత రెండో కేంద్రం. ఇక్కడ వరసకి రెండు మొత్తాలు కావాలి, రైతు మొత్తం, కేంద్రం మొత్తం. ముందు విత్ పెట్టి, అంటే మధ్యలో వచ్చే ఫలితానికి ఒక పేరు ఇచ్చి, రైతు వారీగా కూడు. ఆ ఫలితం మీద విండో ఫంక్షన్, అంటే సమ్ ఓవర్ పార్టిషన్ బై కేంద్రం, పెడితే ప్రతి రైతు పక్కనా తన కేంద్రం మొత్తం వచ్చి కూర్చుంటుంది. ఆర్డర్ బైలో నాలుగు రాయి. కేంద్రం మొత్తం పెద్ద నుంచి చిన్నకి, కేంద్రం కోడ్, రైతు మొత్తం పెద్ద నుంచి చిన్నకి, చివర రైతు కోడ్. ఆ రెండోది, కేంద్రం కోడ్, అనవసరం అనిపిస్తుంది. రెండు కేంద్రాల మొత్తం సరిసమానం అయిన రోజున అది లేకపోతే రెండిటి రైతులూ కలగలిసిపోతారు. చివరి రైతు కోడ్ కూడా అందుకే. ఇద్దరు రైతులు సమానంగా పోస్తే ఈ రోజు ఒకరు, రేపు ఒకరు ముందు రాకుండా. వరస పెట్టడం ఎప్పుడూ పైక్వెరీలోనే. లోపలి క్వెరీలో పెట్టిన ఆర్డర్ బైని డేటాబేస్ పట్టించుకోనక్కర్లేదు.

ఫ్యాట్ సగటు మీద వరస పెట్టమంటే ఉత్త యావరేజ్ వాడకు. ఉదయం 6 లీటర్లు 6.0 ఫ్యాట్, సాయంత్రం 2 లీటర్లు 8.0 అనుకో. యావరేజ్ 7.0 అంటుంది. లీటర్లతో గుణించి కూడి, మొత్తం లీటర్లతో భాగిస్తే 6.5. డబ్బు లెక్క దీని మీద వెళుతుంది.

గ్రూపులన్నిటినీ కలిపి కూడా కూడి ఇచ్చే రోలప్‌తో మొత్తం లైను తెచ్చుకుంటే కేంద్రం కోడ్ దగ్గర నల్ ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ చిన్న నుంచి పెద్దకి పెట్టినప్పుడు నల్‌ని పైన పెడుతుంది, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ కింద పెడతాయి. అది మొత్తం లైనా కాదా అని చెప్పే గ్రూపింగ్ ఫంక్షన్‌ని ఆర్డర్ బైలో మొదట రాస్తే మొత్తం లైను ఎక్కడైనా అడుగునే ఉంటుంది.

రిపోర్టు ఇచ్చే ముందు ముగ్గురు రైతులని ఎంచుకో. అడ్వాన్సు లేనివాళ్లు ఒకరు, ఒక్కటే ఉన్నవాళ్లు ఒకరు, మూడు నాలుగు ఉన్నవాళ్లు ఒకరు. వాళ్ల ఎంట్రీలు విడిగా తీసి కాగితం మీద చేత్తో కూడు. క్వెరీతో పైసా కూడా తేడా రాకూడదు. అరగంట పని. టెన్షన్ పడుతూ రాత్రి పడుకోకుండా ఉండడం కన్నా ఈ అరగంట నయం.

ఆదివారం లోపు డయాగ్రం గీసి ఫోటో తీసి పంపు. పెన్సిల్‌తో అయినా ఫరవాలేదు. ఎర్రచుక్కలు ఎక్కడెక్కడ పెట్టావో ముందు అవే చూస్తాను. రేట్ చార్ట్ టేబుల్ కూడా మరిచిపోకు. దానికి కీతో కాక తేదీలతో సంబంధం, పాత రేటు ముగిసే తేదీ, కొత్త రేటు మొదలయ్యే తేదీ ఒకటే అయితే ఆ రోజు పాలు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి. ఆ గీత ఎలా గీయాలో ఫోన్ చేసినప్పుడు చెబుతాను.

మీ అమ్మని అడిగానని చెప్పు. వేళకి తిను.

మీ మామయ్య