టమాటా చవకగా ఉందని ఇంటి డబ్బంతా జాడీల్లో పెట్టకండి

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. మా ఆయన ఆటో నడుపుతారు, ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు నెలకు 24 వేలు. బ్యాంకులో 1,20,000 ఉంది. నిరుడు ఎండాకాలం చివర్లో టమాటా నిల్వ పచ్చడి పెట్టి, కిలో 400 చొప్పున 120 కిలోలు అమ్మాను. ఖర్చులు పోను మిగిలిన 27 వేలు విడిగా దాచాను. ఇప్పుడు టమాటా కిలో 8 రూపాయలకే వస్తోంది. 1,500 కిలోలు కొని 750 కిలోల పచ్చడి పెట్టాలని ఉంది. టమాటాలకు 12 వేలు, మిగతా సరుకులకు, సీసాలకు 1,20,000, గ్రైండర్‌కు, డ్రయ్యర్‌కు లక్ష, మొత్తం 2,32,000 కావాలి. ఉన్నదంతా పెట్టి, గాజులు తాకట్టు మీద 50 వేలు, లోన్ యాప్‌లో 35 వేలు తీసుకుందామనుకుంటున్నా. జులైలో టమాటా ధర పెరిగితే పచ్చడి కిలో 600కు పోతుంది కదా?

జవాబు: అమ్మా, మీ పచ్చడి మీద నాకు అనుమానం లేదు. మొదటి ఏడాదే 120 కిలోలు అమ్మారంటే చేతిలో పనితనం ఉంది. కానీ మీరు చేయబోతున్న తప్పు చిన్న వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు చాలామంది చేస్తారు. సరుకు చవకగా దొరికితే లాభం వచ్చేసినట్టే అనుకుంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మీ లెక్కలోనే చూడండి. కిలో పచ్చడికి రెండు కిలోల టమాటాలు, అంటే 16 రూపాయలు. నూనె, కారం, చింతపండు, వెల్లుల్లి, ఆవాలు, మెంతులు, సీసా కలిపి 160. టమాటా ఎంత చవకైనా ఆ 160 తగ్గదు. టమాటా కిలో 20 అయినా పచ్చడి మీద పెరిగేది 24 రూపాయలే. ఆ తేడా కోసం ఇప్పుడే 1,500 కిలోలు కొనాల్సిన తొందర ఏముంది?

ఇక జులై ఆశ. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో 200 దాకా పోయింది, నిజమే. కొన్ని నెలలు తిరక్కుండానే ధర పడిపోయి, రైతులు పంటను పారబోసుకున్నారు. పైగా టమాటా ప్రియమైతే మన ఇళ్లలో చింతపండు పప్పో గోంగూరో వండుకుంటారు. అంతేగానీ 600 పెట్టి పచ్చడి కొంటారని నేను అనుకోను. నిరుటికి రెట్టింపు, 240 కిలోలు అమ్మారనుకుందాం. వచ్చేది 96 వేలు. అప్పు 85 వేలు, దాని మీద వడ్డీ కట్టేసరికి చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ఇంటి డబ్బు 1,20,000 మాత్రం అమ్ముడుపోని సీసాల్లో, యంత్రాల్లో ఉండిపోతుంది.

నా అసలు బాధ ఆ 1,20,000 గురించే. అది మీకు ఖాళీగా పడి ఉన్న డబ్బులా కనిపిస్తోంది. అది మీ ఇంటికి ఐదు నెలల తిండి, అద్దె, పిల్లల ఫీజులు. మీ ఆయనది రోజువారీ సంపాదన. కాలు బెణికి నెల రోజులు ఇంట్లో కూర్చున్నా, ఆటో ఇంజిన్ పోయినా ఆ రోజు నుంచే రాబడి ఆగిపోతుంది. ఆసుపత్రి బిల్లు ప్రభుత్వ ఆరోగ్య పథకం కట్టొచ్చు, ఇంట్లోకి బియ్యం అది కొనదు. అప్పుడు మీరు పచ్చడి సీసాలను సగం ధరకు తెగనమ్ముకోవాలి, లేదా ఇంకో అప్పు చేయాలి. ఆ డబ్బును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా విడిగా పెట్టండి. అత్యవసరమైతే తప్ప దాన్ని ముట్టుకోవద్దు. ఇంకో 24 వేలు కలిస్తే ఆరు నెలలకు సరిపోతుంది. ఈసారి పచ్చడి లాభంలో మొదటి 24 వేలు అందులోకే వెళ్లాలి. డ్రయ్యర్ సంగతి ఆ తర్వాతే.

లోన్ యాప్ మాట ఇంకెత్తకండి. ఎండబెట్టి, నూరి, తాలింపు వేసి, అమ్మి, డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టే పని ఇది. వారాల్లో వాయిదా అడిగే అప్పుతో ఎలా చేస్తారు? ముందే ఫీజు కోసుకుని మిగతాది ఇస్తారు, ఆలస్యమైతే జరిమానా. పచ్చడి కోసం ఇలాంటి అప్పు చేయాలనే ఆలోచన వినడానికే నాకు భయంగా ఉంది. గాజులు కూడా బీరువాలోనే ఉండనివ్వండి.

మరి ఏం చేయాలి? ఆ 27 వేలతోనే ఈ ఏడాది పని నడపండి. 300 కిలోల టమాటాలకు 2,400, మిగతా వాటికి 24 వేలు, మొత్తం 26,400. 150 కిలోల పచ్చడి వస్తుంది. 400కే అమ్మినా 33 వేలకు పైగా మిగులుతుంది. ముందే ఆర్డర్లు, సగం అడ్వాన్సు తీసుకోండి. అడ్వాన్సులు వచ్చిన మేరకు ఇంకో విడత పెట్టొచ్చు.

ఎండ విషయంలో కూడా తక్కువ సరుకే మేలు. ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి రెండు మూడు రోజులు ఊరనిచ్చి, ఊట పిండేసి ముక్కలను ఎండబెట్టాలి. ఊటలో చింతపండు నానేసి దాన్నీ ఎండలో పెట్టాలి. ఇదంతా మీకు తెలిసిందే. రోహిణి కార్తె ఎండ చాలా బాగుంటుంది, కానీ మధ్యలో ఒక్క సాయంత్రం వాన పడితే సగం ఎండిన ముక్కలకు బూజు పడుతుంది. 300 కిలోలైతే ఇంటిల్లిపాదీ పరుగెత్తి లోపల పెట్టేస్తారు. 1,500 కిలోలైతే ఎవరివల్ల అవుతుంది? గట్టిగా, బాగా పండిన, పుల్లటి కాయలే ఏరుకోండి. చవక కదా అని పగిలినవి కలిపితే జాడీ అంతా పాడవుతుంది.

గ్రైండర్ అద్దెకు తీసుకోండి. అమ్మడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. డ్రయ్యర్ మీద రాయితీ ఉందేమో డ్వాక్రా సంఘం ద్వారా వచ్చే ఏడాది అడగండి.

ఈ వారం మాత్రం మీ ఆయన్ని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా ఉన్నాయి. రెండింటిలోనూ 2 లక్షల చొప్పున కవర్ ఉంటుంది. రెండూ ఆయన పేరు మీద తీసుకుని, నామినీగా మీ పేరు రాయించండి.