విడాకుల సమయంలో ఇంటి రుణం ఎంత వస్తుంది? ముందు పాత ఉమ్మడి రుణం సంగతి చూడండి

పరస్పర అంగీకారంతో విడాకులకు దరఖాస్తు చేశామని, ఇద్దరి పేరునా పాత ఇంటి రుణం ఇంకా నడుస్తోందని, ఈ పరిస్థితిలో విడిగా ఇల్లు కొనుక్కోవాలంటే తన జీతానికి ఎంత రుణం వస్తుందో ఎలా అంచనా వేసుకోవాలని ఒక సోదరి అడిగారు. 2022 అక్టోబరులో సరిగ్గా ఇదే ప్రశ్నతో నేను హైదరాబాదులో ఒక బ్యాంకు మెట్లెక్కాను కనుక, నాకు జరిగినదే రాస్తున్నాను.

అప్పుడు నా చేతికందే జీతం నెలకు 92,000 రూపాయలు. అందులో దాదాపు సగం వాయిదాలకు పోవచ్చని బ్యాంకులు సాధారణంగా లెక్కిస్తాయని, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే లక్షకు నెలకు సుమారు 868 రూపాయల ఈఎంఐ పడుతుందని తెలుసుకొని, 46,000ను 868తో భాగించి, 53 లక్షలు వస్తాయని కాగితం మీద రాసుకొని మరీ వెళ్లాను. రుణాలు చూసే అధికారి నా అప్పులు, వాయిదాల చరిత్ర ఉండే క్రెడిట్ నివేదిక తెప్పించి, నిజాంపేట ఫ్లాటు మీద మా ఇద్దరి పేరునా ఉన్న 31,000 రూపాయల ఈఎంఐని సగం కాదు, మొత్తంగా నా లెక్కలోనే వేశారు. మిగిలిన 15,000కు 17 లక్షలు మాత్రమే ఇవ్వగలమన్నారు. ఆ ఫ్లాటు వాయిదాలన్నీ నా భర్తే కడతారని మేము రాసుకున్న ఒప్పందాన్ని సంచిలోంచి తీసి చూపించాను. అధికారి దాన్ని చివరిదాకా ఓపికగా చదివి, "ఇది మీ ఇద్దరి మధ్య రాసుకున్నదమ్మా, ఆ బ్యాంకు దగ్గర మాత్రం ఇద్దరి సంతకాలూ ఉన్నాయి" అన్నారు. ఆ ఒక్క మాట నాకు అర్థమయ్యేలా మా న్యాయవాది అంతకుముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కోర్టు విడాకుల డిక్రీ ఇచ్చినా బ్యాంకుతో చేసుకున్న రుణ ఒప్పందం దానంతటది మారదు. బ్యాంకు ఒప్పుకొని మీ పేరు తొలగించేదాకా మొత్తం బాకీకి మీరూ జవాబుదారే.

అదే నివేదికలో ఇంకొకటి బయటపడింది. మా గొడవలు ముదిరిన రోజుల్లో నా భర్త రెండు వాయిదాలు ఆలస్యంగా కట్టారు. రుణ ఖాతాకు ఆయన ఫోను నంబరే ఉండటంతో నాకు సందేశం కూడా రాలేదు, కానీ నా క్రెడిట్ స్కోరు పడిపోయింది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇల్లు చూడటానికి వెళ్లేముందు ఆ నివేదికలు చూడాలి.

ఆ తర్వాత అధికారి మీ నాన్నగారినో అన్నయ్యనో సహ దరఖాస్తుదారుగా పెట్టుకుంటే సులువవుతుందన్నారు. పద్నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తూ పన్ను కడుతున్న మనిషిని పక్కన ఇంకో మగవాడి సంతకం ఉందా అని అడగడం నన్ను చాలా బాధించింది. ఉమ్మడి సంతకం అంటే ఏమిటో అప్పటికే తెలుసుకున్నదాన్ని కనుక, మా అన్నయ్య సరేనన్నా నేను ఒప్పుకోలేదు.

చివరికి నా భర్త తన ఒక్కడి జీతం మీద పాత రుణాన్ని వేరే బ్యాంకుకు మార్చుకున్నారు. మారుతూ ఉండే (ఫ్లోటింగ్) వడ్డీ మీద ఉన్న ఇంటి రుణాన్ని ముందే తీర్చినా జరిమానా వసూలు చేయకూడదన్న నిబంధన ఉండటం వల్ల అదనపు ఖర్చు పెద్దగా కాలేదు. నేను ఫ్లాటులో నా హక్కు వదులుకుంటూ రిలీజు డీడ్ రాసిచ్చి, నా వాటాగా 11 లక్షలు తీసుకున్నాను. మన చట్టంలో విడాకులతో ఆస్తి దానంతటది సగం సగం కాదు, పత్రంలో ఎవరి పేరు ఉంది, ఎవరు ఎంత పెట్టారు అన్నదే ముఖ్యం కనుక, నా జీతం ఖాతా నుంచి వెళ్లిన వాయిదాల స్టేట్‌మెంట్లన్నీ దాచి ఉంచడం నాకు పనికొచ్చింది.

2023 మార్చిలో మళ్లీ వెళ్లేసరికి వడ్డీ 9 శాతానికి చేరింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల, రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీ అయిన రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగిన కాలమది. లక్షకు ఈఎంఐ 900 అయినా, పాత రుణం తీరిపోయినట్టు నివేదికలో నమోదైంది కనుక ఈసారి అర్హత 51 లక్షలుగా తేలింది. నేను తీసుకున్నది 34 లక్షలే. పాప ఫీజును బ్యాంకు లెక్కలో వేసుకోదు, నేను వేసుకోక తప్పదు. పాప కోసం ఆయన ఇవ్వాల్సిన నెలకు 12,000 ఒక నెల వస్తే ఒక నెల వచ్చేది కాదు కనుక దాన్ని ఆదాయంగా బ్యాంకూ లెక్కించలేదు, నేనూ లెక్కించుకోలేదు. భరణం ఇవ్వాల్సినవారైతే ఆ మొత్తాన్ని ఇంకో ఈఎంఐలాగే తమ జీతంలోంచి తీసేసి చూసుకోవాలి.

అర్హత ఎంత ఉన్నా చేతిలో రొక్కం లేనిదే ఇల్లు రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు రుణానికి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వరు. నేను కొన్న 45 లక్షల ఫ్లాటుకు 11 లక్షలు చేతి నుంచి పెట్టాను. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి పడిన 7.5 శాతం, అంటే దాదాపు 3 లక్షల 38 వేలు, నా గాజులు అమ్మి కట్టాను.

భరణం విషయం కోర్టులో ఉంటే, రజ్నేశ్, నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఈలోగా కొన్న ఇల్లూ, చేసిన అప్పూ అందులో చూపించక తప్పదు. ఇవన్నీ చూశాక, పాత రుణం నుంచి పేరు తొలగకముందు కొత్త ఇంటికి బయానా ఇవ్వడం పొరపాటని నేను గట్టిగా చెబుతాను.

ఈ వారమే పాత బ్యాంకు నుంచి మిగిలిన అసలు ఎంతో స్టేట్‌మెంట్ తీసుకోండి. వచ్చే కోర్టు వాయిదాకు ముందే మీ న్యాయవాదికి ఇచ్చి, ఫలానా తేదీలోగా రుణం మీ భర్త ఒక్కరి పేరుకు మారాలని, లేదా ఫ్లాటు అమ్మి తీర్చాలని ఒప్పందంలో రాయించండి. మా ఒప్పందంలో ఆ తేదీ లేకపోవడం వల్లే నాకు ఐదు నెలలు పట్టింది.