ఇంక్రిమినేట్ అన్న మాటను తెలుగు చేసేటప్పుడు

చిరంజీవి అల్లునికి అనంతపురం నుండి మామ ఆశీస్సులు.

నీవు రాసిన కోర్టు వార్త చదివాను. కాల్ రికార్డులు ముద్దాయిని 'ఇంక్రిమినేట్' చేస్తున్నాయని సర్కారు వకీలు వాదిస్తే, నీవు 'కాల్ రికార్డులతో నేరం రుజువైంది' అని రాశావు. తీర్పు ఇంకా రానేలేదు కదా, అల్లుడూ! ఆ క్రియకు రుజువు చేయడమనే అర్థం లేదు. నేరం ఫలానావాడి మీదికి మళ్లేలా చేయడం, అంతవరకే.

మన పల్లె సంగతిగా చెబుతాను. ఒక రైతు కొట్టంలో రాత్రి బుడ్డల (వేరుశనగ) మూటలు పోయాయనుకో. తెల్లవారి చూస్తే అక్కడ పక్కింటివాడి టువాలు పడి ఉంది. ఆ టువాలు అతణ్ణి ఇంక్రిమినేట్ చేస్తుంది. రైతు స్టేషనుకు పోయి 'వాడే ఎత్తుకుపోయాడు' అంటే అది ఎక్యూజ్, అంటే ఆరోపించడం. పట్టుబడిన దొంగ 'అతడూ మాతో వచ్చాడు' అంటే ఇంప్లికేట్. దాని లాటిన్ మూలానికి చిక్కుపెట్టడమని అర్థం. మనం 'కేసులో ఇరికించారు' అన్నప్పుడు అబద్ధపు కేసన్న ధ్వని వస్తుంది గానీ, ఇంగ్లీషు మాటలో అది తప్పనిసరి కాదు. అందుకే మన వకీళ్లు పిటిషన్లలో దాని ముందు 'ఫాల్స్‌లీ' (అబద్ధంగా) అని చేరుస్తారు.

ఈ పొరపాటు నేనూ చేసినవాణ్ణే. కోర్టులో అనువాదకునిగా చేరిన కొత్తలో, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్ కింద ముద్దాయిని అడిగే ప్రశ్నలను తెలుగులోకి దించుతూ 'నీ నేరాన్ని రుజువు చేసే ఈ సాక్ష్యానికి ఏమంటావు?' అని రాశాను. జడ్జిగారు 'రుజువు చేసే' చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, ఒక్క మాటా అనకుండా కాగితం తిప్పి పంపారు. 'నీకు వ్యతిరేకంగా ఉన్న' అని దిద్దుకున్నాను. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 351వ సెక్షన్.

ఈ మాట ముందు 'సెల్ఫ్' చేరి 'సెల్ఫ్ ఇంక్రిమినేషన్' అయినప్పుడు మరింత జాగ్రత్త వహించు. నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్షి కమ్మని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది. సమ్మతి లేకుండా మందు ఎక్కించి మాట్లాడించే నార్కో పరీక్షలు ఆ రక్షణకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తేల్చింది. సెల్ఫ్ ఇంక్రిమినేషన్‌ను 'నేరం ఒప్పుకోవడం' అని రాయవద్దు. 'ఆ రాత్రి కొట్టం దగ్గరే ఉన్నాను' అన్నవాడు ఏ నేరమూ ఒప్పుకోలేదు, కానీ అనుమానాన్ని తన మీదికి తానే తెచ్చుకున్నాడు.

రేపటి సంచికలో 'కాల్ రికార్డులు ముద్దాయికి వ్యతిరేకంగా ఉన్నాయని సర్కారు వకీలు వాదించారు' అని సవరణ వేయించు. 'వాదించారు' అన్న మాటను సబ్ ఎడిటరు కొట్టివేయకుండా దగ్గరుండి చూసుకో.