పల్ప్ ఫ్యాక్టరీ సీఐపీ సెక్షన్‌లో పని: తమ్ముణ్ణి పంపవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: తమ్ముడు డిప్లొమా పూర్తి చేశాడు. చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో ఈ సీజన్‌కి సీఐపీ (పైపులు, మెషిన్లు కడిగే) సెక్షన్‌లో తీసుకుంటామన్నారు. యాసిడ్లు, గ్యాసులు ఉంటాయని ఎవరో చెప్పేసరికి అమ్మగారు టెన్షన్ పడి వద్దంటున్నారు. పంపాలా, మానాలా?

పంపండి. కానీ మొదటి రోజు అతను ఏం చూడాలో, ఏం అడగాలో తెలుసుకుని వెళ్లాలి. చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ యూనిట్లలో కొన్ని సీజన్లు షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా చేశాను, ఇప్పుడు తిరుపతిలో వేరే పనిలో ఉన్నాను. అక్కడ చూసిందే రాస్తున్నాను.

అమ్మగారు భయపడేది యాసిడ్ డ్రమ్ములకు కదా. నేను చూసిన గాయాల్లో డ్రమ్ము దగ్గర జరిగినవి చాలా తక్కువ. డ్రమ్ములోంచి ఒంపుకుని పక్కకు తీసుకెళ్లిన బకెట్టు దగ్గర, వాటర్ బాటిల్లో పోసి కిటికీలో పెట్టుకున్న కెమికల్ దగ్గర జరిగినవే ఎక్కువ. డ్రమ్ము మీద పేరు ఉంటుంది, ప్రమాదం గుర్తు ఉంటుంది, కంపెనీ వివరాలు ఉంటాయి. బాటిల్ మీద ఏమీ ఉండదు. షిఫ్ట్ మారగానే అందులో ఏముందో తెలిసిన మనిషి బండెక్కి ఇంటికి వెళ్లిపోతాడు. పైగా మన దగ్గర ఒకే లైన్ మీద తెలుగువాళ్లు, తమిళం మాట్లాడేవాళ్లు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు కలిసి పని చేస్తారు. ఇంగ్లీషు లేబుల్ ఉన్నా చదివేవాళ్లు తక్కువ. ఒక యూనిట్‌లో మెయింటెనెన్స్ పెద్దాయన ఎవరినీ అడక్కుండా పెయింట్ డబ్బా తెచ్చి, యాసిడ్‌కి ఎర్ర బకెట్టు, కాస్టిక్‌కి (అంటే కాస్టిక్ సోడాకి) నీలం బకెట్టు అని తేల్చేశాడు. వాటి మీద తెలుగులో, తమిళంలో పేర్లు కూడా రాయించాడు. ఆడిట్ వాళ్లు అంటించిన లామినేషన్ పోస్టర్లన్నీ కలిపినా ఆ రెండు రంగులు చేసినంత పని చేయలేదు.

అందుకే మీ తమ్ముడు మొదట పట్టించుకోవాల్సింది ఇదే: పేరు లేని డబ్బా కనబడితే ముట్టుకోకూడదు, వాసన చూడకూడదు. ఎవరిదో కనుక్కోవాలి, తేలకపోతే ఇన్‌చార్జ్‌కి అప్పగించాలి. తాను ఒంపుకున్న దానికి తానే పేరు రాసుకోవాలి. కూల్‌డ్రింక్ సీసాలో, నీళ్ల సీసాలో కెమికల్ పోసే అలవాటున్న చోట జీతం ఎంత ఇచ్చినా జాగ్రత్తగా ఉండాలి. జూన్, జూలై ఎండల్లో దాహంతో వచ్చినవాడు సీసా కనబడితే ఎత్తి తాగేస్తాడు.

ఇక సీఐపీ అంటే మెషిన్ విప్పకుండా, పైపుల్లోనే కడిగే పద్ధతి. తోతాపురి గుజ్జు నడిచిన లైన్‌ని ముందు నీళ్లతో తోస్తారు. తర్వాత వేడి కాస్టిక్ ద్రావణం, సుమారుగా ఒకటిన్నర నుంచి రెండు శాతం. మళ్లీ నీళ్లు. తర్వాత పలుచటి నైట్రిక్ యాసిడ్, మళ్లీ నీళ్లు. పైపుల్లో తిరిగేది పలుచనిదే అయినా దాన్ని కలపడానికి తెచ్చేది చిక్కనిది. ప్రమాదం కలిపేటప్పుడు, పైపు జాయింట్ విప్పేటప్పుడు ఉంటుంది. లోపల ప్రెషర్ పోయిందో లేదో, డ్రెయిన్ అయిందో లేదో చూడకుండా ఆ జాయింట్ విప్పితే ఎనభై డిగ్రీల కాస్టిక్ మొహం మీదికి వస్తుంది. లైన్ ఆగాక, లోడు లారీల తొందరలో, రాత్రి రెండు గంటలప్పుడు జరిగే పని ఇది. నిద్రమత్తును కూడా లెక్కలో వేసుకోండి.

కాస్టిక్ ఫ్లేక్స్‌ని ఎప్పుడూ చల్లటి నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. ఫ్లేక్స్ మీద నీళ్లు పోయకూడదు, వేడినీళ్లయితే అసలే వద్దు. ఊళ్లో రాతి సున్నం నానబెట్టినప్పుడు తొట్టి ఎలా ఉడికి చిమ్ముతుందో మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది, ఇది అంతకంటే మొండిది. అల్యూమినియం బకెట్టు, అల్యూమినియం మగ్గు వాడకూడదు. కాస్టిక్ తగిలితే అల్యూమినియం కరుగుతూ హైడ్రోజన్ వదులుతుంది, ఆ గ్యాస్ అంటుకుంటుంది. చేతి మీద పడితే మొదట మంట తెలియదు, సబ్బులా జారుతుంది. కుర్రాళ్లు దాన్ని చూసి నవ్వుకుంటారు. ఆ జారుడు చర్మంలోని కొవ్వు సబ్బుగా మారడం వల్ల వచ్చింది. మంట మొదలయ్యేసరికి ఆలస్యం అయిపోతుంది.

కంట్లో పడినప్పుడు యాసిడ్ కంటే కాస్టిక్కే ప్రమాదం. యాసిడ్ తగిలిన పొర గడ్డకట్టి లోపలికి పోనివ్వకుండా కొంత ఆపుతుంది. కాస్టిక్ పొరలను కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. చేయాల్సింది ఒక్కటే, నీళ్లు. రెప్పలు బలవంతంగా విడదీసి కనీసం 15 నిమిషాలు, కాస్టిక్ అయితే ఇంకా ఎక్కువసేపు కడుగుతూనే ఉండాలి. నిమ్మరసం, వెనిగర్, పాలు, నెయ్యి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు, ఆపాలి. కడిగాక ఆసుపత్రికి వెళ్లాలి. కడగకుండా కారెక్కించి వేలూరు దాకా పరుగెత్తితే దారిలోనే కన్ను పోతుంది.

దీని కోసమే ఐవాష్ స్టేషన్ అని ఒకటి ఉంటుంది. మొదటి రోజే మీ తమ్ముడు దాన్ని తొక్కి చూడాలి. నీళ్లు వస్తున్నాయా? దాని ముందు క్రేట్లు పేర్చేశారా? ఇంకో విషయం ఏ పుస్తకంలోనూ పెద్దగా కనబడదు కానీ మన ఎండలకు ముఖ్యం: ఆ పైపు మిద్దె మీద ఎండలో పరిచినదైతే మధ్యాహ్నం వచ్చే మొదటి నీళ్లు చేయి పెట్టలేనంత కాలిపోతుంటాయి. కాలే నీళ్ల కింద కన్ను పెట్టి ఎవరూ నిలబడలేరు. పైపు మీద కప్పు వేయమనో, రోజూ కాసేపు నీళ్లు వదలమనో అడగవచ్చు. పెద్ద ఖర్చు కాదు.

బట్టల గురించి ఒక మాట. గమ్‌బూట్లు వేసుకుంటే ప్యాంటు బూటు బయటికి రావాలి. బూట్లోకి దోపుకుంటే కారిన కాస్టిక్ మొత్తం బూట్లోకి దిగి పాదం దగ్గర నిలుస్తుంది. చేతులు పైకెత్తి వాల్వ్ తిప్పే పని ఉంటే గ్లవ్స్ అంచు బయటికి మడవాలి, లేకపోతే మోచేతి దాకా లోపలే కారుతుంది. ఆసుపత్రి గ్లవ్స్ లాంటి పల్చటివి ఈ పనికి పనికిరావు. మామూలు కళ్లజోడు కూడా గాగుల్స్ కాదు, పక్కలు మూసి ఉన్నవి కావాలి.

యాసిడ్, హైపో కలవకూడదు. పండ్లు కడిగే నీళ్లలో వేసే సోడియం హైపోక్లోరైట్‌ని మనవాళ్లు హైపో అంటారు. అది, సీఐపీ యాసిడ్ ఒకే కాలువలో కలిసినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇంట్లో బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి కడిగి దగ్గుతూ బయటికి పరుగెత్తేది కూడా ఇందుకే. అమ్మగారికి ఇది కూడా చెప్పండి. రెండూ ఒకే గదిలో, ఒకే చెక్క పలక మీద నిల్వ ఉంటే మీ తమ్ముడు నోరు విప్పాల్సిందే. క్లోరిన్ గానీ, నైట్రిక్ నుంచి వచ్చే గోధుమరంగు పొగ గానీ పీల్చినవాడు గంట తర్వాత బాగానే ఉన్నానంటాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు మొదలవుతుంది. అలాంటివాణ్ణి రూముకి పంపి ఒంటరిగా పడుకోనివ్వకూడదు, డాక్టర్ దగ్గర ఉంచాలి.

అసెప్టిక్ ఫిల్లింగ్ (క్రిములు చేరకుండా గుజ్జు నింపే చోటు) దగ్గర హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటే దాని సంగతి చిన్నదే: మిగిలింది తిరిగి డ్రమ్ములో పోయకూడదు, గాలి పోయే మూతను బిగించకూడదు.

మాస్కు విషయంలో చాలామంది మోసపోతారు. కరోనా తర్వాత ఎన్95 వేసుకుంటే అన్నీ ఆగుతాయన్న నమ్మకం పెరిగింది. అది దుమ్మును ఆపుతుంది, గ్యాస్‌ని ఆపదు. గ్యాస్‌కి కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, ఏ గ్యాస్‌కి ఆ కార్ట్రిడ్జ్. అమ్మోనియాకి ఆకుపచ్చ రంగు పట్టీ ఉంటుంది. దానికి ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, సీలు విప్పాక ఎక్కువ కాలం పనిచేయదు. ఏ కార్ట్రిడ్జ్ అయినా గాలిని వడకడుతుందే తప్ప ఆక్సిజన్ తయారు చేయదు. ట్యాంకులోకి దిగడానికి అది చాలదు.

అమ్మోనియా మీ తమ్ముడి సెక్షన్ కాకపోవచ్చు, అయినా కోల్డ్ స్టోరేజ్ ఉంటే దాని ముప్పు ఆవరణలో అందరికీ. పూతలపట్టు దగ్గర ఒక పాల డెయిరీలో 2020 ఆగస్టులో అమ్మోనియా లీకై మహిళా కార్మికులు ఆసుపత్రి పాలైంది మనవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. దీనిలో ఒక మేలు ఉంది, చాలా కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఘాటు తగలగానే గాలికి అడ్డంగానో, ఎదురుగానో దూరం వెళ్లాలి. గాలి ఎటో తెలియకపోతే బాయిలర్ చిమ్నీ పొగ ఎటు వంగుతోందో చూడాలి. అమ్మోనియా నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి తడి తువ్వాలు ముక్కుకు, నోటికి పెట్టుకుంటే బయటపడేంత వరకు సాయం చేస్తుంది. అంతవరకే. ఆ తువ్వాలుతో వాల్వ్ మూయడానికి లోపలికి వెళ్లకూడదు. బండి తీసుకోవడానికి షెడ్డు వైపు వెళ్లేవాళ్లను కూడా చూశాను. ద్రవంగా కారి మడుగు కట్టిన అమ్మోనియా మీద నీళ్లు కొట్టకూడదు, ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది.

నన్ను అడిగితే అన్నిటికంటే భయపడాల్సింది ఈటీపీ, అంటే వ్యర్థజలం శుద్ధి చేసే చోటు. టెంకలు, తొక్కలు కుళ్లిన వ్యర్థజలం నిలిచిన ట్యాంకు చూడ్డానికి మురికిగుంటలాగే ఉంటుంది, ఎవరికీ భయం వేయదు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. వంద పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దాటే దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, వాసన తగ్గింది కదా అని దిగుతారు. పలమనేరు దగ్గర మొరంలో ఒక హేచరీలో 2018 ఫిబ్రవరిలో ట్యాంకు శుభ్రం చేయబోయి ఊపిరాడక ఏడుగురు చనిపోయారు. ఇలాంటి చోట్ల పడిపోయినవాణ్ణి చూసి పక్కవాడు దూకుతాడు, అతని కోసం ఇంకొకడు దూకుతాడు. దయ ఉన్నవాళ్లే పోతారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉండేది: లోపల గ్యాస్ లేదని అర్హత ఉన్న మనిషి పరీక్షించి రాసివ్వాలి, లేదా శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దాని తాడు బయట మనిషి చేతిలో ఉండాలి. లోపల వాడే చేతి లైటు 24 వోల్టులు దాటకూడదని 36ఏ సెక్షన్‌లో ఉండేది. ఇన్‌చార్జ్ ‘ఒక్క నిమిషం దిగి చూడప్పా’ అన్నా దిగకూడదు. ఆ ఒక్క పనికి ఉద్యోగం పోతే పోనివ్వండి.

అడిగే హక్కు ఉందా అంటే ఉంది. 1984 భోపాల్ తర్వాత, 1987లో ఆ చట్టాన్ని సవరించి, కార్మికుడు తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం అడిగి తీసుకోవచ్చని చేర్చారు. 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది. మామూలు మాటల్లో అయితే మీ తమ్ముడు ‘సార్, కాస్టిక్‌ది, నైట్రిక్‌ది ఎస్‌డీఎస్ ఇస్తారా, ఫోటో తీసుకుంటాను’ అంటే చాలు. ఎస్‌డీఎస్ అంటే ఆ కెమికల్ భద్రతా వివరాల కాగితం. పదహారు భాగాలుంటాయి, అన్నీ చదవక్కర్లేదు. నాలుగోది ప్రథమ చికిత్స, ఎనిమిదోది ఏం తొడుక్కోవాలో, పదోది దేనితో కలపకూడదో. ఫోన్‌లో ఉంటే 108 వాళ్లకి, డాక్టర్‌కి చూపించవచ్చు, ‘ఏదో కెమికల్ పడింది’ అని చెప్పే దురవస్థ ఉండదు. ఆ మాటకు ఇన్‌చార్జ్ ఎలా జవాబిస్తాడో చూస్తే ఫ్యాక్టరీ సంగతి సగం తెలిసిపోతుంది. కాగితం తెచ్చిస్తే మంచి చోటు. ‘నీకెందుకయ్యా ఇవన్నీ’ అంటే వేరే యూనిట్ వెతకమనండి, సీజన్‌లో మనుషులు కావాల్సినవాళ్లు చాలామందే ఉంటారు.

చేరేముందు ఇంకొకటి కనుక్కోండి: పేరు కంపెనీ రోల్స్‌లో ఉంటుందా, కాంట్రాక్టర్ మస్టర్‌లో ఉంటుందా, ఈఎస్‌ఐ కడతారా అని. ఈఎస్‌ఐ నిబంధనల్లో సీజనల్ ఫ్యాక్టరీలకు మినహాయింపు ఉంది కాబట్టి అందరికీ ఉంటుందనుకోవద్దు. లేదంటే ప్రమాద బీమా ఏదైనా ఉందో అడిగి, ఉంటే ఆ కాగితం కాపీ ఇంట్లో పెట్టుకోండి. వాళ్లు ఏ షిఫ్ట్ ఇచ్చారో తెలిశాక రాయండి, రాత్రి షిఫ్ట్ అయితే ఇంకొన్ని చెప్పాల్సినవి ఉన్నాయి.