చెయ్యి తప్పుతోందంటే తల అలసిందని

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. బాబు హనుమకొండ హాస్టల్లో బైపీసీ రెండో సంవత్సరం. పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా చదువే. సాయంత్రం మాక్ టెస్టులో జవాబు తెలిసి కూడా ఓఎంఆర్‌లో పక్క గడి నింపుతున్నాడు. మొన్న ఆదివారం పరీక్ష రాసొచ్చి వాలీబాల్ ఆడితే ఒక్క సర్వీసూ సరిగా పడలేదు. రోజూ రాత్రి ఫోన్ చేసి మార్కులు కనుక్కుంటూనే ఉన్నా. నరాల బలహీనతా, నిర్లక్ష్యమా? పైగా ఎంబీబీఎస్ వద్దు, న్యూరోసైన్స్ (మెదడు, నరాల శాస్త్రం) చదువుతానంటున్నాడు. అది మంచిదా, ఫిజియోథెరపీనా?

జవాబు: నరాల సంగతి అడిగారు కానీ, మీ భయం వేరే. ఇంత ఫీజు కట్టాక పిల్లాడు జారిపోతున్నాడేమోనని. జారిపోవడం లేదండీ, అలసిపోయాడు.

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రోజు గుర్తు చేసుకోండి. తూకం, తేమ, ధర, కమీషన్ లెక్కలతో పొద్దంతా కూర్చునే ఉంటారు. అయినా తిరుగు ప్రయాణంలో బండి గేరు ఒకటికి రెండుసార్లు తప్పు పడుతుంది. చేతిలో బలం తగ్గిందా? లేదు. ఏ వేలు ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది మెదడు. గంటల తరబడి ధ్యాస నిలిపితే ముందుగా మందగించేది ఆ అజమాయిషీయే.

2009లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం చేశారు. గంటన్నర సేపు కంప్యూటర్ ముందు మెదడుకు పని పెట్టి, తర్వాత సైకిల్ తొక్కించారు. గుండె, కండరాలు మామూలుగానే పనిచేశాయి. కానీ కష్టం ఎక్కువనిపించి, దాదాపు 15 శాతం ముందే ఆపేశారు. ఫుట్‌బాల్ ఆటగాళ్లపై చేసిన వేరే ప్రయోగంలోనైతే పాసులు గురి తప్పాయి. 2022లో పారిస్ పరిశోధకులు రోజంతా కఠినమైన మెదడు పని చేసినవారి మెదడు ముందు భాగంలో గ్లుటమేట్ అనే, మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనం పేరుకోవడం చూశారు. మీవాడి సర్వీసు ఎందుకు పడలేదో ఇక మీరే చెప్పండి.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట. పదిహేడు గంటలు కూర్చున్న పిల్లాడిని రాత్రి పదిన్నర తర్వాత లేపి మార్కులు అడిగేది మీరే కదా! ఆ అరగంట కూడా వాడి నిద్రలోంచే పోతోంది. చేను దున్నే ఎడ్లకైనా మధ్యాహ్నం నీడన గడ్డి వేస్తాం.

నీట్ మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి వరకు. వారానికి రెండు మాక్ టెస్టులైనా అదే వేళకు పెట్టమని వార్డెన్‌తో మాట్లాడండి, ఆ రోజు పొద్దున చదువు తేలికగా ఉండనివ్వండి. గడులన్నీ చివర్లో ఒకేసారి నింపొద్దని, పేజీ పేజీకీ నింపుకోమని చెప్పండి. బాగా నిద్రపోయి లేచాక కూడా చెయ్యి వణికితే మాత్రం డాక్టరుకు చూపించాలి, అది నా పని కాదు.

ఇక కోర్సు. న్యూరోసైన్స్ పేరు వింటే నాకూ ముచ్చటే, కానీ డిగ్రీ స్థాయిలో ఆ పేరు పెట్టి అమ్మేవాళ్లంటే అనుమానం. బ్రోషర్‌లో మెరిసే మెదడు బొమ్మ ఉంటుంది, లోపల ల్యాబ్ ఉండదు. ఆ చదువు గట్టిగా మొదలయ్యేది పీజీ, పీహెచ్‌డీలో: బెంగళూరులో మెదడు, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ లాంటి చోట్ల. అక్కడికి మామూలు బీఎస్సీతోనూ వెళ్లొచ్చు, ఎంబీబీఎస్‌తోనూ వెళ్లొచ్చు. స్థిరపడటానికి పదేళ్లు పడుతుంది, మీకు ఓపిక ఉందా?

ఫిజియోథెరపీలో ఇదే విద్య చేతులతో చేస్తారు. పక్షవాతం వచ్చినాయనకు మళ్లీ గ్లాసు పట్టుకోవడం నేర్పడమంటే మెదడుతో పనే. మొదట్లో జీతాలు తక్కువ, దాచను. మనుషులను ముట్టుకుని, ఓపికగా పనిచేసే గుణం ఉంటే మాత్రం నేను దీనికే మొగ్గుతాను.

అయితే అలసిన పిల్లాడు 'ఎంబీబీఎస్ వద్దు' అన్నది నిర్ణయం కింద లెక్క కాదు, అది నిద్ర మాట కావచ్చు. నీట్ అయ్యాక పదిహేను రోజులు ఊళ్లో వాలీబాల్ ఆడనిచ్చి, అప్పుడు అడగండి. అప్పటికీ అదే అంటే నా దగ్గరకు పంపండి. వాడొక్కడినే.