ముప్పై దాటాక లాంగ్ లారీ డ్రైవర్‌గా మారొచ్చా? ముందు క్లీనర్‌గా వెళ్ళండి

ముప్పై దాటాక ప్రైవేటు ఉద్యోగం మానేసి లాంగ్ లారీ (దూరప్రాంతాలకు సరుకు తోలే లారీ) డ్రైవర్‌గా మారొచ్చా, హెవీ లైసెన్సు తెచ్చుకోవడం కష్టమా అని అడిగారు. మారొచ్చు. నేను ఒంగోల్లో సెల్‌ఫోన్ షాపులో పని మానేసి ఈ లైన్లోకి వచ్చింది ముప్పై దాటాకే. లైసెన్సు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఇరవై ఏళ్ళు నిండాలి, కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లోనే తీసేశారు. గ్యాస్, పెట్రోలు ట్యాంకర్లు నడపాలంటే మాత్రం ప్రమాదకర సరుకుల శిక్షణ విడిగా తీసుకుని లైసెన్సు మీద ఎక్కించుకోవాలి.

అయితే లైసెన్సు రాగానే స్టీరింగ్ పట్టుకోకండి. మంచి డ్రైవరును వెతుక్కుని కొన్నాళ్ళు క్లీనర్‌గా వెళ్ళండి. ఈ వయసులో క్లీనర్ పనేంటని ఇంట్లోవాళ్ళు అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. అననివ్వండి. ఈ పనికి అంతకు మించిన బడి లేదు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను క్లీనర్‌గా ఉన్నప్పుడు ఒకసారి నంద్యాల వైపు నుంచి సిమెంటు లోడుతో గిద్దలూరు మీదుగా వస్తున్నాం. రాత్రిపూట, నల్లమల ఘాటు. బండి నడిపేది మా పెద్ద డ్రైవరు, నేను బాబాయ్ అనేవాణ్ణి. దిగుడు మొదలవకముందే బండి స్లో చేసి, గేరు తగ్గించి, ఇంజను పొగను అడ్డగించి బండిని నిదానపరిచే ఎగ్జాస్ట్ బ్రేకు వేశాడు. "ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలిరా అబ్బాయ్" అన్నాడు. మలుపుల దగ్గర తప్ప కాలు బ్రేకు మీదకి పోలేదు. ఇంజను గర్జిస్తోంది, బండి మాత్రం మనిషి పరుగు వేగంతో దిగుతోంది.

మా ముందు ఇంకో లారీ. దాని వెనక ఎర్రలైటు వెలిగింది వెలిగినట్టే ఉంది. కాసేపటికి బ్రేకు లైనర్లు కాలే వాసన ఘాటుగా కొట్టింది. "న్యూట్రల్‌లో వదిలాడు, డీజిల్ మిగులుతుందని" అని బాబాయ్ హారన్ మోగిస్తూ హెడ్‌లైట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ బండి ఎలాగో రోడ్డు వెడల్పైన చోట, కొండవైపు మట్టిలోకి ఎక్కి ఆగింది. మేమూ ఆపి దిగి పరుగెత్తాం. నేను చెక్కదిమ్మలు తీసుకెళ్ళి దాని చక్రాల కింద పెట్టాను. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లోంచి పొగ వస్తోంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు నీళ్ళ క్యాన్ పట్టుకుని డ్రమ్ము మీద పోయబోతుంటే బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "అంత వేడిమీద నీళ్ళు పడితే డ్రమ్ము పగులుద్ది నాయనా. దానంతటదే ఆరాలి."

ఆ కుర్రాడు వణికిపోతున్నాడు. "అన్నా, కాలు పూర్తిగా దిగిపోతోంది గానీ బండి ఆగట్లేదు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. పక్కన క్లీనర్ లేడు. డ్రైవింగ్ స్కూలువాళ్ళు ఖాళీ బండి మీద, చదునైన రోడ్డు మీద నేర్పారట. లైసెన్సు రాగానే ఓనరు లోడు బండి ఇచ్చి ఒంటరిగా ఘాటు మీదకి పంపాడు. బ్రేకులు వేడెక్కితే పట్టవని ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఓనర్లంటే నాకు ఒళ్ళు మండుతుంది. క్లీనర్ జీతం, బత్తా మిగులుతాయని చాలామంది క్లీనర్‌ని పెట్టడమే మానేశారు. ఇక కొత్తవాడు ఎవరి పక్కన కూర్చుని నేర్చుకోవాలి? రోడ్డు పక్కన బోల్తా పడి కనిపించే బండ్లలో చాలావాటికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

స్కూల్లో నేర్పనివి ఇంకా ఎన్నో. హాల్టు ఆగిన ప్రతిసారీ రాడ్డు తీసుకుని టైర్లన్నీ కొట్టుకుంటూ బండి చుట్టూ తిరగాలి. గాలి నిండుగా ఉన్న టైరు రాడ్డును ఎగరేస్తుంది, ఖంగుమంటుంది. జంట టైర్లలో లోపలిది పంక్చరైతే చూపుకి ఆనదు, కొడితే మాత్రం మొద్దుగా పలుకుతుంది. లోడు మీద టార్పాలిన్ పట్టా కప్పి తాళ్ళు బిగించడం వానలో చేస్తేగానీ రాదు. ఒక మూల వదులుగా ఉంటే తెల్లారేసరికి సిమెంటు బస్తాలు గడ్డకట్టి ఉంటాయి, ఆ నష్టం మన బత్తాలోంచే పోతుంది.

ఇక బండి నడపడం కంటే పడిగాపులే ఎక్కువ అలసట. ఫ్యాక్టరీ గేటు బయట వరసలో రోజంతా ఉండాలి, అక్కడ స్నానానికీ దొడ్డికీ చోటుండదు. 1961లోనే వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే పని అంది. లాంగ్ రూట్లో అది పాటించే ఓనరును నేను చూడలేదు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, అది నిజంగా మంచి పని. వేసవిలో ఇంజను పక్కన కూర్చున్నవాడికే దాని విలువ తెలుస్తుంది. గేటు బయట నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి కూడా ఇలాగే తప్పనిసరి చేయాలి. లారీ డ్రైవరంటే పిల్లనివ్వని ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మనిషిని గేటు బయట అలా కూర్చోబెడితే గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీరు వస్తానంటే బండి ఎక్కకముందే ఓనరుతో కొన్ని విషయాలు తేల్చుకోండి. బత్తా ట్రిప్పుకా, రోజుకా? లోడు కోసం ఆగిన రోజులకు ఇస్తాడా? ఓవర్‌లోడ్ చలానా ఎవరు కట్టాలి? ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ కాగితాలు మీ కళ్ళతో చూసుకోండి. మొదటి ఆర్నెల్లు పక్కన పాత డ్రైవరు ఉండాలని పట్టుబట్టండి. కుదరదంటే ఆ బండి వదిలేయండి. డ్రైవర్లు దొరక్క బండ్లు ఖాళీగా నిలబడుతున్న రోజులివి, ఇంకో ఓనరు తప్పకుండా దొరుకుతాడు.