ఇంట్లో పైపు పని మనమే చేసుకోవచ్చా, లైసెన్స్ ప్లంబరే చెయ్యాలా?

మీరు అడిగినవి రెండు. కొత్తిల్లు కట్టుకుంటూ కొళాయి కనెక్షన్‌కి వెళ్తే లైసెన్స్ ఉన్న ప్లంబరుతోనే వేయించాలన్నారు, మరి ఇంట్లో పైపులు సొంతంగా వేసుకోవచ్చా అన్నది ఒకటి. ఆస్ట్రేలియాలో ఉన్న మీ తమ్ముడు అక్కడ లైసెన్స్ లేకుండా పైపు ముట్టుకుంటే తప్పంటున్నాడు, ఇక్కడా అలాంటి చట్టం వస్తే బాగుంటుందా అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు ఇదండి. వీధి గొట్టానికి కలిపే ముక్క మీరు ముట్టుకోకండి. గేటు దాటి లోపలికి వచ్చాక ఓపిక ఉంటే అంతా మీరే చేసుకోండి. సెప్టిక్ ట్యాంకు జోలికి మాత్రం వెళ్లకండి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో తొమ్మిదో భాగం ప్లంబింగ్ గురించే. లైసెన్స్ ప్లంబరు సంగతి అందులో ఉంది. అయితే ఆ కోడ్ దానంతటదే చట్టం కాదు, స్థానిక నిబంధనల్లోకి ఎంత తెచ్చుకుంటే అంతే చెల్లుతుంది. నేను చూసినంతలో మున్సిపాలిటీ వాళ్లు పట్టుబట్టేది వీధి లైనుకి బెజ్జం వేసి ఫెర్రూలు (ఇంటి పైపుని వీధి గొట్టానికి కలిపే చిన్న బిరడా లాంటి ముక్క) బిగించే చోటే. వంటింట్లో సింకు కింద వాల్వు మార్చుకున్నవాళ్లని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఒక్కచోట పట్టుబట్టడం న్యాయమే. మన గోదావరి డెల్టాలో చాలా ఊళ్లలో కొళాయి నీళ్లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఎండాకాలం కాలవలు కట్టేశాక చెరువులో నిలవ ఉన్నదాన్నే సర్ది వదులుతారు. నీళ్లు ఆగిన గంటల్లో గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఆ గొట్టమేమో చాలా వీధుల్లో మురుగు కాలవని ఆనుకునే పోతుంది, వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీరూరే నేల మనది. అతుకులో సన్నని సందు ఉన్నా చాలు, బయటి నీరు లోపలికి దిగుతుంది. ఎవరైనా కొళాయికి నేరుగా మోటారు తగిలించి లాగితే ఆ సందులోంచి మురుగుని పీల్చి లైన్లో పోసినట్టే. మున్సిపాలిటీ వాళ్లు మోటార్లు పట్టుకుపోతున్నారని తిట్టుకుంటారు గానీ, అందుకే పట్టుకుపోతారు.

మా వీధిలో ఇది జరిగింది. ఒక వేసవిలో పొద్దున్నే బిందె పెడితే మొదట నల్లటి నీళ్లు, కుళ్లు వాసన. కాసేపు వదిలేస్తే తేటపడేవి. చెరువులో నీళ్లే పాడయ్యాయనుకున్నాం అందరం. చివరికి తవ్వించి చూస్తే, ఒకరు సొంతంగా కనెక్షన్ వేసుకున్నచోట అసలు ఫెర్రూలే లేదు. గొట్టానికి బెజ్జం పెట్టి, పైపు ముక్క గుచ్చి, సైకిలు ట్యూబు చుట్టి ఇనప తీగతో బిగించారు. ట్యూబు చీకిపోయి వేలు పెడితే ఊడొచ్చింది. దాని పక్కనే మురుగు కాలవ. ఆ ఇంట్లో వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నది లైను చివర ఉన్న ఇళ్లలో పిల్లలకి. తన ఇంటి పని తాను చేసుకోవడం వేరు, పది ఇళ్ల నీళ్లలో చెయ్యి పెట్టడం వేరని నేను గట్టిగా అనేది అందుకే.

లోపల కూడా వీధికి చెరుపు చేసే పని ఒకటుంది. సంపులోకి దిగే పైపుని చప్పుడు రాకుండా ఉంటుందని అడుగుదాకా దింపేస్తారు. వీధిలో నీళ్లు ఆగగానే సంపులో నీరు అదే పైపులోంచి వెనక్కి లైన్లోకి పోగలదు. పైపుని నిండు మట్టానికి జానెడు పైనే ఆపేయండి. బోరు లైనునీ మంచినీళ్ల లైనునీ మధ్యలో వాల్వు పెట్టి కలపకండి. నరసాపురం, అంతర్వేది వైపు బోర్లలో ఉప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. బోరుకి వేరే ట్యాంకు పెట్టుకోండి.

మిగతాదంతా మీ చేతిపనే. మా పాత జీఐ (జింకు పూత ఇనప) గొట్టాలు బోరు నీళ్లకి తుప్పుపట్టి పెన్సిలు దూరేంత సందు మిగిలితే, అన్నీ పీకేసి సీపీవీసీ (వేడినీళ్లకీ తట్టుకునే ప్లాస్టిక్ పైపు) నేనే వేసుకున్నాను. పైపు వంకర లేకుండా కోసి, అంచున లేచిన పొట్టు చాకుతో గీసేసి పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉంటే సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పట్టదు. పైపు బయటా ఫిట్టింగు లోపలా రాసి, నెట్టి, పావువంతు తిప్పి అర నిమిషం అదిమి పట్టుకోండి. వెంటనే వదిలేస్తే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది, తర్వాత కారేది అక్కడే. టెఫ్లాన్ టేపు మర బిగిసే వైపుకే చుట్టండి. గోడ పూడ్చేముందు నీళ్లు నింపి ఒక రాత్రి అలా వదిలేయండి. గీజరు నుంచి వచ్చే లైనుకి మామూలు పీవీసీ వద్దు.

సెప్టిక్ ట్యాంకులో పేరుకునే గ్యాసు క్షణాల్లో మనిషిని పడేస్తుంది. కాపాడదామని దిగినవాళ్లూ పోతారు. రక్షణ లేకుండా ఎవరినైనా అందులోకి దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. ట్యాంకరు పిలవండి. ప్లాస్టిక్ ట్యాంకైతే వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయించకండి, కింద ఊరిన నీరు దాన్ని పైకి లేపేస్తుంది.

ఇక రెండో ప్రశ్న. ఆస్ట్రేలియాలో రాష్ట్రాన్ని బట్టి తేడాలున్నా, మొత్తమ్మీద వాషరు, షవరు లాంటివి తప్ప పైపు పని లైసెన్స్ ఉన్నవాళ్లదే. ఇంగ్లండులో 1999 నాటి నిబంధనలు వెనక్కి పారడం, కలుషితం కావడం మీద గట్టిగా ఉంటాయి గానీ, ఇంటాయన తన కొళాయి తను మార్చుకోవచ్చు. గ్యాసు పనికి మాత్రం రిజిస్టర్ అయినవాళ్లే రావాలి. నాకు ఈ ఇంగ్లండు పద్ధతే నచ్చుతుంది. లంక గ్రామాల్లో పంపు విరిగితే ప్లంబరు రేవు దాటి రావాలి. మన దగ్గర బాగా పనొచ్చిన మేస్త్రీల్లో చాలామంది ఎవరి వెనకో తిరిగి నేర్చుకున్నవాళ్లే, చేతిలో కాగితం లేదు. కాగితం లేదని వాళ్ల పొట్ట కొట్టే చట్టం నాకొద్దు. పట్టుబట్టాల్సింది సరుకు మీద. పీవీసీ పైపులో సీసం వాడకం మీద 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, కొట్టులో అవి అమలు కావాలి. మీరు కొనేటప్పుడు యూపీవీసీకి (చన్నీళ్ల గట్టి పీవీసీ పైపు) ఐఎస్ 4985, సీపీవీసీకి ఐఎస్ 15778 అని భారత ప్రమాణాల నంబరు పైపు మీద అచ్చేసి ఉందో లేదో చూసి తీసుకోండి. లేకపోతే ఎంత చవకైనా వద్దనండి.

లైసెన్స్ ప్లంబరు కనెక్షన్ ఇచ్చే రోజు పక్కనే ఉండండి. ఫెర్రూలు బిగించాక, మట్టి కప్పకముందు, గొట్టం మురుగు కాలవకి ఎంత ఎడంగా వెళ్తోందో చూసి ఫొటో తీసుకోండి. కాలవ దాటాల్సి వస్తే ఆ మేరకి మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వెయ్యమని, దానిమీద లావుపాటి పైపు తొడగమని ముందే చెప్పండి. ఆ తొడుగుకి అదనంగా అడిగితే ఇచ్చేయండి.